నారదుని దుఃఖము – పరావిద్య, అపరావిద్యల వివేచనము



స్వామి సన్నిధిలో కూర్చుండి ఈ దినమున మనము విచారింపబూనిన విషయము విద్యకు సంబంధించినది. విద్య యనగానే నేడు మన ఇండ్లలో స్ఫురించునవి పరీక్షలు, పట్టములు, ఉద్యోగములు. ఆ విద్యను మేము నిందింపబోవుట లేదు. ఐతే విద్యలు రెండు విధములనియు, ఆ రెంటి ఫలములు వేఱువేఱనియు మన ఋషులు చెప్పియున్నారు. ఒకటి లోకమును తెలిసికొనుటకు, లోకములో బ్రతుకుటకు ఉపకరించునది. రెండవది లోకమును తెలిసికొనుచున్నవాని నిజస్వరూపమును తెలిసికొనుటకు, తద్ద్వారా పరమేశ్వరుని చేరుటకు ఉపకరించునది. మొదటి దానికి అపరావిద్య యనియు, రెండవ దానికి పరావిద్య యనియు పేర్లు. వాడుకలో లౌకికజ్ఞానము, దైవజ్ఞానము అని చెప్పుకొనవచ్చును.

ఈ భేదమును తెలిసికొనుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. దీనిని మఱచిపోవుటకు మాత్రము పాండిత్యము చక్కగా తోడ్పడును. ఈ మాటను మేము హాస్యమునకై అనుట లేదు. మా అనుభవమునే ప్రసంగము తుదిలో మనవి చేసెదము.

శౌనకుని ప్రశ్న

అథర్వవేదమునకు చెందిన ముండకోపనిషత్తు ఈ విషయమునకు మూలము. ఇందు మూడు ముండకములును, ఒక్కొక్క ముండకమున రెండేసి ఖండములును గలవు. మన భారతదేశ రాజచిహ్నమున సింహముల క్రింద వ్రాయబడిన సత్యమును గూర్చిన వాక్యము ఈ ఉపనిషత్తులోని మూడవ ముండకమునుండి గ్రహింపబడినదే. నాణెముపైన, నోటుపైన మనము ప్రతిదినము ఆ వాక్యమును చేతబట్టుకొని తిరుగుచున్నాము. అది ఎక్కడిదని అడిగినచో చెప్పగలవారు కొలదిమంది.

శౌనకుడు సామాన్యుడు కాడు. ఉపనిషత్తు అతనిని మహాశాలుడని పేర్కొన్నది. అనగా గొప్ప గృహస్థు. యాగములు చేసినవాడు, అన్నదానములు చేసినవాడు, ఇంటినిండ జనము గలవాడు. అట్టివాడు శాస్త్రవిధి ననుసరించి అంగిరస మహర్షిని ఆశ్రయించి ఒక ప్రశ్న వేసెను. దేనిని తెలిసికొనినచో తక్కినదంతయు తెలిసినట్లగునో, అది ఏది యని అతని ప్రశ్న. ఒక్కొక్క విద్యను నేర్చుకొనుచు పోయినచో ఆయుర్దాయము చాలదు. అన్నిటికిని మూలమైన దొకటి యున్నచో దానినే పట్టుకొందునని అతని యాశయము.

అంగిరసుడు బదులు చెప్పుచు, తెలిసికొనదగిన విద్యలు రెండని విభజించెను. నాలుగు వేదములును, శిక్ష, కల్పము, వ్యాకరణము, నిరుక్తము, ఛందస్సు, జ్యోతిషము అను ఆరు అంగములును అపరావిద్య యని చెప్పెను. ఏ విద్య వలన నాశరహితమైన ఆ అక్షరతత్త్వము పొందబడునో అది పరావిద్య యనెను.

సోదరులారా, ఈ సమాధానము వినినప్పుడు మనము ఉలికిపడవలెను. వ్యాపారమును, రాచకార్యములను అపరావిద్య యనిన మనకు ఆశ్చర్యము లేదు. మహర్షి వేదములనే అపరావిద్యలో జేర్చినాడు! వేదమే వేదమును గూర్చి ఈ మాట చెప్పుచున్నది. తన్ను గూర్చి తానే ఇంత నిర్మొగమాటముగా పలుకగల శాస్త్రమును సేవించు భాగ్యము మనకు గలిగినది.

ఇక్కడ ఒక సందేహము పుట్టును. ఉపనిషత్తులు వేదములలోనివే కదా! వేదము అపరావిద్య యైనచో ఉపనిషత్తు పరావిద్య యెట్లగును? శంకరభగవత్పాదులు తమ భాష్యమున ఈ శంకను తామే లేవనెత్తి సమాధానము చెప్పిరి. వేదము అనునప్పుడు అంతటను ఉద్దేశింపబడినది శబ్దరాశి. పరావిద్య యనునప్పుడు ఉద్దేశింపబడినది ఉపనిషత్తుచేత తెలియదగిన అక్షరతత్త్వముయొక్క అనుభవజ్ఞానము. శబ్దరాశిని వశము చేసికొన్నంత మాత్రమున, గురువును ఆశ్రయించుట, వైరాగ్యము మొదలగు ప్రయత్నములు లేనిదే, ఆ అక్షరము లభింపదని వారి వివరణ సారాంశము.

దీనిని ఇంటి భాషలో చెప్పుకొందము. దూరదేశమున నున్న కుమారుడు తల్లికి తాను వచ్చుచున్నానని జాబు వ్రాసినాడు. ఆమెకు చదువు రాదు. చదువు వచ్చిన పొరుగువాడు ఒక్క అక్షరము తప్పకుండ, స్పష్టముగా చదివి వినిపించినాడు. తల్లి మాటాడక లేచి, వంటయింటిలోనికి పోయి పొయ్యి రాజవేసినది. జాబు చదివినవాడు పొరుగువాడే. అందుకొన్నది మాత్రము తల్లి. జాబు ఒక్కటే, అక్షరములును అవియే. పొరుగువానికి అది అపరావిద్య, తల్లికి పరావిద్య. ఐతే పొరుగువాడు చదువనిచో తల్లికి తెలియుట యెట్లు? ఆ మాటయు మఱువరాదు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

నారదుడు చదివిన చదువులు

ఇదే విషయమును సామవేదములోని ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున ఒక సంవాదరూపముగా మన కందించుచున్నది. నారదుడు సనత్కుమారుని కడకు వచ్చి ఉపదేశింపుమని ప్రార్థించెను. నీకు ఇదివఱకు తెలిసినదేమో ముందు చెప్పుము, ఆపైని నేను చెప్పెదనని సనత్కుమారుడు పలికెను. ఇది మంచి గురువుల లక్షణము. పాత్రలో ఏమున్నదో చూడక పోయువాడు గురువు కాడు.

అప్పుడు నారదుడు తన చదువులను లెక్కించి చెప్పెను. నాలుగు వేదములు, అయిదవ వేదమనదగిన ఇతిహాసపురాణములు, వేదములకు వేదమైన వ్యాకరణము, శ్రాద్ధకల్పము, గణితము, ఉత్పాతములను తెలుపు శాస్త్రము, నిధిశాస్త్రము, తర్కము, నీతి, నిరుక్తము, భూతవిద్య, ధనుర్వేదము, జ్యోతిషము, సర్పవిద్య, నృత్యగీతాది కళలు – ఇట్లు పట్టిక సాగుచున్నది. నేటి కాలమునకు అనువదించి చూచినచో ఒక విశ్వవిద్యాలయములోని శాఖలన్నియు ఒక్కని యందే యున్నట్లు!

ఇంత చెప్పి అతడు ఒక ఒప్పుకోలు చేసెను. నేను మంత్రముల నెఱిగినవాడనే కాని ఆత్మ నెఱిగినవాడను కాను. ఆత్మ నెఱిగినవాడు శోకమును దాటునని తమవంటి పెద్దలవలన విన్నాను. నేను మాత్రము శోకించుచున్నాను. నన్ను ఆవలి యొడ్డునకు చేర్పుడని ప్రార్థించెను.

నారదుని దుఃఖమునకు కారణ మేదియో ఉపనిషత్తు చెప్పలేదు. ఇల్లు పోయినదా, ఆప్తులు పోయిరా, అవమానము కలిగినదా – ఏమియు లేదు. మా బుద్ధికి తోచునదేమనగా, కారణము చెప్పకపోవుటయే ఇచ్చటి విశేషము. కారణము చెప్పినచో అది నారదుని దుఃఖ మగును. చెప్పనందున అది మనయందరి దుఃఖమైనది. అన్నియు అమరియున్నప్పుడు కూడ లోపల నొక వెలితి యుండును. ఇంకొక శాస్త్రమో, ఇంకొక పట్టమో, ఇంకొక పదవియో ఆ వెలితిని నింపునని మనిషి పరుగెత్తును. నారదుడు ఆ పరుగు తుది వఱకు పోయి, వెలితి అట్లే యున్నదని తెలిసికొని నిలబడినవాడు.

సనత్కుమారుడు, నీవు చదివినదంతయు నామమాత్రమే యని ఆరంభించినాడు. ఐనను నామమును త్రోసివేయలేదు. నామమును బ్రహ్మముగా ఉపాసింపుమని చెప్పి, నామముకంటె గొప్పది యేదియని నారదుడడుగగా వాక్కనియు, దానికంటె మనస్సనియు, పిదప సంకల్పము, చిత్తము, ధ్యానము, విజ్ఞానము, బలము, అన్నము, జలము, తేజస్సు, ఆకాశము, స్మృతి, ఆశ, ప్రాణము – ఇట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కించుచు పోయెను. తుదకు భూమ యను మాటతో ముగించెను. భూమ యనగా అఖండమైన నిండుదనము. అల్పమైనదానిలో సుఖము లేదనియు, ఆ నిండుదనమే సుఖమనియు తేల్చెను. ఇది ఇరువదియాఱు ఖండముల ఉపదేశము.

ఇక్కడ మనము గమనింపవలసిన దొకటి యున్నది. ఆ మెట్లలో అన్నమును, నీరును, బలమును కూడ ఉన్నవి. ఋషి వాటిని దాటించినాడే కాని తిరస్కరింపలేదు. అడుగు మెట్టును పగులగొట్టినవాడు పై మెట్టు నెక్కలేడు.

రెండు జ్ఞానముల గుర్తులు

ఇంతవఱకు చెప్పిన దానినిబట్టి లౌకికజ్ఞానమునకును దైవజ్ఞానమునకును గల భేదములను నాలుగింటిగా గుర్తింపవచ్చును.

మొదటిది: లౌకికజ్ఞానమున తెలిసికొనువాడు వేఱు, తెలియబడునది వేఱు. వైద్యుడు రోగమును తెలిసికొనును. రైతు నేలను తెలిసికొనును. న్యాయవాది చట్టమును తెలిసికొనును. దైవజ్ఞానమున, తెలిసికొనువాని లోపల నున్న చైతన్యమే తెలియదగినది. కన్ను అన్నిటిని చూచును, తన్ను తాను చూచుకొనలేదు. ఆ చూపు లోనికి మరలుటయే పరావిద్యకు నాంది.

రెండవది: లౌకికజ్ఞానము సాధనమును చెప్పును, గమ్యమును చెప్పదు. ఎట్లు సంపాదింపవలెనో అది చెప్పగలదు. ఎంతవఱకు సంపాదింపవలెను, ఎందుకు సంపాదింపవలెను అను ప్రశ్నలకు దానికడ సమాధానము లేదు. కత్తికి పదును పెట్టు విద్య వేఱు. ఆ కత్తితో పండు కోయవలెనా, గొంతు కోయవలెనా యని నిర్ణయించు వివేకము వేఱు. కఠోపనిషత్తున నచికేతసుడు యముని ముందు నిలిచినప్పుడు ఈ వివేకమే అతనిని కాపాడినది. దీర్ఘాయువును, పుత్రపౌత్రులును, గజాశ్వములును, భూమియు ఇచ్చెదనని యముడు ఆశ చూపెను. ప్రియమైనదొకటి, శ్రేయస్సైనదొకటి యని ఆ బాలుడు గ్రహించెను. లోకములోని తెలివిగలవా డెవడైనను ఆ బేరమున భూమిని వ్రాయించుకొని తిరిగివచ్చెడివాడు!

మూడవది: లౌకికజ్ఞానము కొలతకు లొంగునది. కొలతయున్న చోట ఎక్కువతక్కువ లుండును; అవి యున్నచోట గర్వమును అసూయయు నుండును. ఛాందోగ్యము ఆఱవ అధ్యాయమున శ్వేతకేతువు పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువది నాలుగవ యేట అన్ని వేదములు చదివి, తానే పండితుడనను బిగువుతో తిరిగివచ్చెను. తండ్రియైన ఉద్దాలకుడు అతని చదువును పరీక్షింపలేదు. ఆ బిగువునే చూచినాడు. దేనివలన విననిది వినినట్లగునో ఆ ఉపదేశమును అడిగితివా యని ప్రశ్నించెను. కుమారునికి ఆ మాటయే క్రొత్త. దైవజ్ఞానము కలిగినవానికి తన్ను ఇతరులతో పోల్చుకొను పని తప్పిపోవును. పోల్చుకొనుటకు రెండవవాడు కనబడడు కదా!

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: లౌకికజ్ఞానము శరీరముతో పాటు వచ్చి శరీరముతో పాటు పోవును. జ్ఞాపకశక్తి చెడినచో బ్రతికియుండగనే పోవును. పోవుదానిపై నిలుచున్నవానికి భయము తప్పదు. దైవజ్ఞానము సంపాదించి దాచుకొను వస్తువు కానందున దానికి పోవుట యనునది లేదు.

లౌకికవిద్య హేయమా?

ఇట్లు చెప్పగా, స్వామీ, అట్లయినచో పిల్లలను బడికి పంపవలదా యని కొందఱడుగవచ్చును. తప్పక పంపవలెను. ఈశావాస్యోపనిషత్తు ఈ విషయమున మిక్కిలి ఖండితముగా పలికినది. అవిద్యనే పట్టుకొన్నవారు చీకటిలో పడుదురనియు, దానిని విడిచి విద్యనే పట్టుకొన్నవారు అంతకంటె పెద్ద చీకటిలో పడుదురనియు హెచ్చరించి, రెంటిని కలిపి తెలిసికొన్నవాడే మృత్యువును దాటి అమృతత్వమును పొందునని చెప్పినది. ఆ పదములకు కర్మ యనియు, దేవతోపాసన యనియు ఆచార్యులు వ్యాఖ్యానము చేసిరి. ఐనను ఒంటికాలితో నడువరాదను న్యాయము మన విషయమునకును చెల్లును.

మా మాటయే చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మాకు రెండు కన్నులకును శుక్లములు కమ్మినవి. శ్రీవారి దీపము మసకగా కనబడెడిది. ఒక వైద్యుడు శస్త్రచికిత్స చేసి కటకము నమర్చినాడు. ఆయనకు మంత్రము రాదు, మాకు వైద్యము రాదు. ఆయన విద్య వలననే నేడు మేము భాష్యమును చదువగల్గుచున్నాము. ఆ విద్యను చిన్నచూపు చూచినచో మేము కృతఘ్నుల మగుదుము. మన ఆంధ్రదేశపు సముద్రతీరమున శ్రీహరికోట నుండి 2023వ సంవత్సరము జూలై 14వ తేదీన బయలుదేఱిన చంద్రయాన్-3, ఆగస్టు 23వ తేదీన చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. ఆ సాయంకాలము మేమును అందఱితోపాటు టెలివిజను ముందు చేతులు జోడించుకొని కూర్చుంటిమి. అంత దూరమున నున్నదానిని అంత కచ్చితముగా లెక్కగట్టిన బుద్ధియు ఈశ్వర ప్రసాదమే. దానిని ఇచ్చినవానిని మఱచుటయే దోషము కాని, దానిని వాడుకొనుట దోషము కాదు.

కావున భేదము చదివిన విషయములో లేదు. చదువు మనలను ఏమి చేసినదను దానిలో నున్నది. గణితము చదివి వినయము పొందినవాడు పరావిద్య గుమ్మము కడ నిలిచినట్లే. వేదాంతము చదివి వాదమున ఎదుటివానిని పడగొట్టుటకు దానిని వాడుకొన్నవాడు అపరావిద్యలో కూడ వెనుక వరుసలోనే యున్నాడు.

పూజయు లౌకికము కావచ్చును

ఇంకొక మాట సాహసించి చెప్పుచున్నాము. దేవాలయమునకు వచ్చినంత మాత్రమున మన జ్ఞానము దైవజ్ఞానము కాదు. ఇన్ని ప్రదక్షిణములు చేసెదను, ఈ వ్యాజ్యము గెలిపింపుము. ఇంత సొమ్ము హుండీలో వేసెదను, ఈ బేరము కుదుర్పుము అని స్వామితో ఒడంబడిక చేసికొనువాడు వ్యాపారమును అంగడినుండి గుడికి మార్చినాడే కాని తాను మాఱలేదు. ముండకోపనిషత్తు ఫలాపేక్షతో చేయు యాగములను సైతము దృఢముగా లేని తెప్పలతో పోల్చినది. మ్రొక్కులను మేము వలదనుట లేదు. ఆపదలో బిడ్డ తల్లిని పిలుచుట సహజము. ఐతే జీవితమంతయు తల్లిని బొమ్మల కొఱకే పిలిచిన బిడ్డకు తల్లి ముఖమును చూచు తీరిక దొరకదు.

అట్లే మావంటి ఉపన్యాసకులకును ఆ ఉపనిషత్తులోనే ఒక కొరడా దెబ్బ యున్నది. తామే ధీరులమనియు, పండితులమనియు భావించుకొనుచు అజ్ఞానములో తిరుగువారు, గ్రుడ్డివాని వెంట నడచు గ్రుడ్డివారివలె దెబ్బలు తినుచుందురని అందు హెచ్చరింపబడినది. ఆ మంత్రమును మేము బాల్యమునుండి ఇతరులను గూర్చినదనియే చదువుచు వచ్చితిమి.

మా అనుభవము

ఎనిమిదవ యేట ఉపనయనమైన పిమ్మట మేము పాఠశాలలో చేరితిమి. వారములు చెప్పుకొని భుజించుచు, తెల్లవాఱుజామున లేచి గురువుగారి యెదుట సంత చెప్పించుకొనుచు కృష్ణయజుర్వేదమును అధ్యయనము చేసితిమి. తైత్తిరీయ సంహితయే 7 కాండములు, 44 ప్రశ్నలు, 651 అనువాకములు. పదము, క్రమము, జట ముగించి ఘనాంతము చేసితిమి. ఘనమన నేమో తెలియనివారి కొఱకు చెప్పుచున్నాము. మూడు పదములను తీసికొని, మొదటి రెంటిని ముందుకును వెనుకకును, పిదప మూడింటిని ముందుకును వెనుకకును మరల ముందుకును స్వరము తప్పకుండ పలుకవలెను. మూడు పదములు పదుమూడగును. ఇట్టి కట్టుబాట్ల వలననే వేదము వ్రాతకు ఎక్కకయే ఒక్క స్వరమైనను చెడక నిలిచినది. వేదపఠన సంప్రదాయమును 2003వ సంవత్సరమున యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో శ్రేష్ఠమైనదిగా ప్రకటించినది. ఆ సంప్రదాయములో మేమును ఒక పోగు అనెడి గర్వము మాకు మొదటినుండియు నుండెడిది. దానిని భక్తి యని భ్రమపడితిమి.

గత సంవత్సరము గోదావరీ తీరమున ఒక గ్రామములో వేదసభ జరిగినది. మేము పెద్దవారమని ముందు వరుసలో కూర్చుండబెట్టిరి. ఘన చెప్పుచుండగా, వేలసార్లు చెప్పిన పనసలో, ఒకచోట తరువాతి పదము తోపలేదు. చీకటిలో మెట్టు తప్పినట్లయ్యెను. ప్రక్కనున్న పండితులు మాయందలి గౌరవముచే మిన్నకుండిరి. వెనుక వరుసనుండి పండ్రెండేండ్ల వయస్సుగల విద్యార్థి యొకడు ఆ పదమును అందించెను. మేము అందుకొని పూర్తిచేసితిమి. సంభావన ఇచ్చిరి, శాలువా కప్పిరి. ఎవ్వరును ఏమియు అనలేదు.

సభ ముగిసిన పిమ్మట ఆ బాలుడు వచ్చి మాకు సాష్టాంగముగా నమస్కరించెను. మేము అతని శిరస్సుపై చేయి వేయలేదు. ముఖము త్రిప్పుకొని ప్రక్కవారితో ఏదియో మాటాడితిమి. భగవద్బంధువులారా, అరువది సంవత్సరముల వేదాధ్యయనము ఆ క్షణమున మాకు ఇచ్చిన ఫలమిది.

ఆ రాత్రి ఇంటిలో విస్తరి ముందు కూర్చున్నాము. అన్నము సహింపలేదు. మా గృహిణి పాఠశాల ముఖము చూచినది కాదు. ఆమె యెఱిగినది తులసికోట, దీపము, వచ్చినవారికి అన్నము పెట్టుట. “ఏమండీ, అన్నం కలుపుకొని అలా కూర్చున్నారేం?” అని అడిగినది. జరిగినది చెప్పితిమి. బాలునికి ముఖము చాటు చేసిన సంగతియు దాచలేదు.

ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, “పిల్లవాడికి వచ్చిందంటే వేదం నిలిచిందనేగా? ఇన్నేళ్లుగా మీరు కోరుకుంటున్నది అదేగా? మరి కోపం ఎవరిమీదండీ?” అన్నది. అని, మజ్జిగ తెచ్చుటకు లోనికి పోయినది.

ఆ ప్రశ్నకు మా పదమునందును, క్రమమునందును, జటయందును, ఘనమునందును సమాధానము దొరకలేదు. నారదుడు సనత్కుమారుని ముందు ఎట్లు కూర్చుండెనో ఆ రాత్రి తెలిసినది. వేదము నిలువవలెనని కోరుచున్నామని మేము అనుకొంటిమి. నిజమునకు, మాయందు నిలువవలెనని కోరుచుంటిమి. ఆ రెండు కోరికల నడుమ నున్న దూరమే అపరావిద్యకును పరావిద్యకును గల దూరము.

శ్వేతకేతువు కథలో ఇంకొక ఘట్టమున్నది. తండ్రి యతనిని పదునైదు దినములు భుజింపక నీరు మాత్రము త్రాగియుండుమనెను. పదునాఱవ దినమున వేదమును చెప్పుమనగా ఏమియు తోపలేదు. పెద్ద మంటలో మిణుగురుపురుగంత నిప్పుకణము మిగిలినట్లు నీలో ఒక్క కళయే మిగిలినదని చెప్పి తండ్రి అన్నము పెట్టెను. తినగానే చదువంతయు తిరిగి తోచెను. మనస్సు అన్నమయమని ఆ పాఠము. పండ్రెండేండ్ల చదువు పదునైదు దినముల అన్నముపై ఆధారపడియున్నది! ఇక డెబ్బదియేండ్లు దాటిన శరీరములోని స్మృతిని నమ్ముకొని ఇదియే నేననుకొనుట ఎంతటి తెలివి! స్మృతి తొలగినను, తొలగినదని తెలిసికొనుచున్న సాక్షి యొకడు లోపల ఉన్నాడు. పదము తోపలేదని ఎఱిగినవాడెవ్వడు? వాడు మఱచిపోలేదు కదా! ఆ సభలో మేము పదమును వెదకుచుంటిమే కాని ఆ సాక్షివైపు చూడలేదు.

మఱునాడు ప్రాతఃకాలమున బయలుదేఱి ఆ బాలుడు చదువుకొను పాఠశాలకు పోయితిమి. మమ్ము చూచి అతడు గుమ్మము కడనే భయముతో నిలిచిపోయెను. “తప్పయిపోయిందండీ గురువుగారూ. పెద్దల మధ్య నోరు జారాను” అన్నాడు. ముందురోజు మేము చేసిన పని ఆ పసివాని మనస్సులో ఎంత గాయమును చేసినదో అప్పుడు తెలిసినది. ఇక ఏ సభలోను నోరు మెదపకూడదని నిశ్చయించుకొన్నాడట. ఒక పూట అహంకారము వేదమునకు ఒక కంఠమును దూరము చేయబోయినది!

“తప్పు నీది కాదు నాయనా, మాది” అని చెప్పి, శిరస్సుపై చేయివేసి, ఆ పనసనే వినిపింపుమంటిమి. అతడు అరుగుపై కూర్చుండి చెప్పెను. మేము క్రింద కూర్చుండి వింటిమి. తప్పులు పట్టవలెనను తలంపు లేకుండ, మా వంతు ఎప్పుడను ఎదురుచూపు లేకుండ ఆ మంత్రమును వినుట మా జీవితమున అదియే మొదటిసారి.

ఆ తరువాత మా మఱపు తగ్గినదని చెప్పలేము. పెరుగుచున్నది కూడ. భయము మాత్రము తగ్గినది. ఇప్పుడు సభలకు పోవునప్పుడు ఒక విద్యార్థిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుచున్నాము. మాకు జాఱినది అతడందుకొనును. ఇది పరావిద్య యని మేము చెప్పుకొనము. అటువైపు ముఖము త్రిప్పుట మాత్రమే.

గృహస్థులకు సాధనము

మీలో పెక్కుమంది సంసారులు. మాకు ఇవన్నియు సాధ్యమా యందురు. శౌనకుడును గృహస్థే యని మొదటనే మనవి చేసితిమి. మార్గము శాస్త్రములోనే సులభముగా చెప్పబడియున్నది.

భగవద్గీత పదుమూడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ జ్ఞానమనగా నేమో చెప్పబూని, ఒక్క శాస్త్రమునైనను పేర్కొనలేదు. గొప్పలు చెప్పుకొనకుండుట, డంబము లేకుండుట, హింస చేయకుండుట, ఓర్పు, కపటము లేకుండుట, గురుసేవ, శుచిత్వము – ఇట్లు ఇరువది గుణములను చెప్పి, ఇదియే జ్ఞానము, తక్కినది అజ్ఞానము అనెను. ఆ పట్టికలో మొట్టమొదటిది మానము కోరకుండుట యగుట గమనింపుడు. ఏ మెట్టుమీద మేము జాఱితిమో స్వామి దానినే మొదట పెట్టినాడు.

సనత్కుమారుని ఉపదేశము తుదిలో, ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, దానివలన స్మృతి స్థిరపడుననియు, దానివలన హృదయగ్రంథులన్నియు వీడుననియు చెప్పబడినది. ఆహారమనగా నోటితో తినునదే కాదు. ఇంద్రియములచేత లోనికి తీసికొనున దంతయు ఆహారమే యని శంకరులు వివరించిరి. ఈ దినములలో చేతిలోని ఫోను ద్వారా కన్నులకును చెవులకును ఎంతటి ఆహారము పెట్టుచున్నామో ఎవరికి వారు లెక్క చూచుకొనవలెను.

ఇక ప్రతిరాత్రి నిద్రకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ దినమున నేను నేర్చుకొన్నది నాలోని నేను అను దానిని పెంచినదా, తగ్గించినదా? ఎదుటివాడు నాకంటె బాగుగా చేసినప్పుడు సంతోషింపగల్గితినా? నాకున్నది రేపు పోయినచో నాలో మిగులునదేది? మొదటి రెంటికి సమాధానము దొరకినచో మూడవ దానికి త్రోవ దానంతట అదియే కనబడును. ఈ ప్రశ్నలకు పట్టము అక్కఱలేదు, సంస్కృతము రానక్కఱలేదు. మా యింటిలో మాకు ఉపదేశము చేసినది మజ్జిగ తెచ్చుటకు లేచిన ఇల్లాలు.

కావున లౌకికవిద్యను శ్రద్ధతో నేర్వుడు, పిల్లలకు నేర్పుడు, దానితో పదుగురికి ఉపకరింపుడు. దానిని తలపై మోసికొని తిరుగకుడు. స్వామి సన్నిధికి వచ్చినప్పుడు పాదరక్షలతోపాటు దానిని కూడ వెలుపల విడువుడు. తిరిగిపోవునప్పుడు రెండును మీకు అక్కడనే దొరకును. ఆ నడుమ గర్భాలయ దీపకాంతిలో నిలిచిన ఆ కొలది క్షణములలో తెలియవలసినది తెలియుగాక యని శ్రీవారి పాదపద్మముల కడ ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.